ఒక అక్షరం – ఇంటి మాట

మా మనుమరాలు ఉద్యోగం కోసమని జపాను భాష నేర్చుకొంటున్నది. విద్యకు వయసేమిటని నేనూ ప్రక్కన కూర్చున్నాను. మొదటి అక్షరం దగ్గరే నా పాండిత్యం తేలిపోయింది.

నిలువుపాటి పెట్టె, నడుమ ఒక అడ్డగీత. పూర్వం సున్న చుట్టి, లోపల చుక్క పెట్టి సూర్యుణ్ణి వ్రాసేవారు. ఆ సున్నయే క్రమంగా పెట్టె అయింది. అర్థం సూర్యుడు, దినము కూడాను. ఇంతవరకు సులువే. చదవడమెలా అంటే, "ఒకచోట నిచి, ఒకచోట జిత్సు, ఒంటరిగా ఉంటే హి, తేదీలలో క" అన్నది. ఆదివారం "నిచియోబి". అందులో ఈ అక్షరమే మొదట నిచి, చివర బి! మన గసడదవాదేశం వలె "హి" అక్కడ "బి" అవుతుందట.

"ఇదేం లిపి తల్లీ! మనం వ్రాసిందే చదువుతాం గదా" అని విసుక్కొన్నాను.

"వాళ్ళకు మొదట లిపి లేదు తాతా" అన్నది. సుమారు 1,500 ఏండ్ల క్రిందట చీనా అక్షరాలు వచ్చాయి. వాటితోబాటు చీనా పలుకులూ వచ్చాయి. నిచి, జిత్సు అటువంటివి. అయినా తమ ఇంటి మాట "హి"ని వారు విడువలేదు. వచ్చిన అక్షరానికే దానినీ తగిలించుకొన్నారు.

"ఇప్పుడు" అనే అక్షరం ప్రక్కన దీనిని వ్రాస్తే "క్యో", అనగా ఈ దినము. అది వినగానే నాకు మా హోసూరు మాట తట్టింది. మా ఇండ్లలో ఈ దినాన్ని "ఈపొద్దు" అంటాం. పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే దినము! "దినము" సంస్కృతంతో వచ్చింది, "పొద్దు" ఇంటిది.

ఇంకొకటి కూడా గుర్తుకు వచ్చి మనసు చివుక్కుమన్నది. చిన్నప్పుడీ పిల్ల, వాళ్ళ అవ్వ పాడే లాలిపాటను తమిళ అక్షరాలలో వ్రాసి తెచ్చింది. "తెలుగు వ్రాయరాని దానికి పాటలెందుకు?" అని చూడకుండానే త్రోసివేశాను. అవ్వ ఇప్పుడు లేదు.

"ఆ కాగితం ఉన్నదా అమ్మా?" అన్నాను.

మాట్లాడక లేచి, పెట్టె తీసి తెచ్చింది. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం. అయినా ఒక్కచోట తడబడలేదు; గ పలకవలసినచోట గ అనే పలికింది. మాట నోట నిలిచి ఉన్నది మరి.

జపాను పాఠం ముగిశాక ఓనమాలు దిద్దించడం ఈపొద్దే మొదలుపెట్టాను.