శివారు భూమి

దేశముయొక్క రాబడి పోకలను గూర్చి వ్రాయుట పురుషుల పనియని మనలో పెక్కండ్ర యభిప్రాయము. పత్రికలో ఆ పుట రాగానే త్రిప్పివేసి వంటల పుటకు పోవుదుము. 2024-25 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము రోడ్లు, రైళ్లు మొదలగు శాశ్వతమైన పనులకు మూలధన వ్యయమను పేర 11 లక్షల 11 వేల కోట్ల రూపాయలు కేటాయించెనని మా వారు చదివి వినిపించినప్పుడు, ఆ మొత్తమున సున్నలెన్నియో లెక్కించుటకే నాకు కొంతసేపు పట్టినది. కాని మన బిందెలోని నీరును, సంక్రాంతికి కొను మినపప్పు ధరయు ఆ లెక్కలోనివే గదా.

నేను బడిలో చదివినది తక్కువ. మా నాన్నగారు నాకు ఇంటనే భారతము చెప్పిరి. సభాపర్వమున నారదుడు ధర్మరాజును రాజ్యపాలనమును గూర్చి పెక్కు ప్రశ్నలడుగును. నీ రాజ్యమున చెరువులు తగిన తావులయందు నిండియున్నవా, సేద్యమును వాన దయకే విడిచిపెట్టలేదు గదా, యనునది వానిలో నొకటి. వాననే నమ్మిన నేల దేవమాతృక. ఏటి నీటితో పండునది నదీమాతృక.

మన దిగువ కృష్ణాతీరము నదీమాతృక యైనది 1855 లో బెజవాడ యానకట్ట పూర్తియైన పిదపనే. అంతకు ముందు 1832-33 లో నందన కరవు గుంటూరు సీమను తుడిచిపెట్టినది. కాటన్ దొర పట్టుదలతో, కెప్టెన్ ఓర్ చేతిమీదుగా ఆ కట్ట లేచినది. అది శిథిలము కాగా ఎగువను కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957 నుండి పని చేయుచున్నది. దాని క్రింద సుమారు 13 లక్షల ఎకరములు గలవు.

అన్ని ఎకరములకును నీరు ఒక్కమారే యందునని తలపకుడు. మా అత్తవారిది గుడివాడ ప్రాంతము. కాలువ వదలిన కొలది దినములకే అక్కడ నారుమడులు తడియును. నా పుట్టినిల్లు దివిసీమలో. అక్కడకు నీరు పోవలెనన్న పులిగడ్డయొద్ద కృష్ణపాయను దాటవలెను. నదిపై వంతెనవలె అక్విడక్టు కట్టి, దాని మీదుగా కాలువను అవతలి గట్టునకు నడిపించిరి. మా చిన్నతనమున దానిని చూచుట మాకొక పండుగ. ఎగువ తూములన్నియు త్రాగిన పిమ్మట మిగిలినది శివారు భూములకు వచ్చును. అదియు కృష్ణలో నీరున్న యేడు మాట.

ఇందు ఆలస్యమే పెద్ద నష్టము. జూన్‌లో నీరందిన వరి కార్తికమున ఇల్లు చేరును. ఆగష్టులో అందినచో నవంబరు తుపానుల నాటికి పైరు పొట్టమీదనో, పనలమీదనో యుండును. కోతకు కొలది దినములు ముందు నిలువు చేలోనే మినుములు చల్లుదురు. అవి నేల పదునుతోను, మంచుతోను పండును. వరి వెనుకబడిన మినుమును వెనుకబడును. ఈ చిక్కు తీర్చుటకే 2015 నుండి పట్టిసీమ యెత్తిపోతలతో గోదావరి నీటిని కృష్ణకు తెచ్చుచున్నారు. పులిచింతలయొద్ద సుమారు 45 టి.ఎం.సి.లు నిలువజేయు జలాశయమును గట్టి, కంకిపాడున పుట్టిన ఇంజనీరు కానూరి లక్ష్మణరావుగారి పేరు పెట్టిరి. ఈ రెండును మంచి పనులని నా నమ్మకము. ఇవి లేకున్నచో మా శివారు ఎన్నడో బీడుపడియుండును.

నీరు రాకపోవుట యొక బాధ, వచ్చినప్పుడంతయు వచ్చుట మరియొక బాధ. 2009 అక్టోబరులో బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో అంతకు మించియు దిగువకు దిగెను. రెండుమారులును దివిసీమ మునిగినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సర్కారు లెక్కనే పదివేలమంది పోయిరి. మా అమ్మకప్పుడు పన్నెండేండ్లు. తుమ్మచెట్టు కొమ్మ పట్టుకొని రాత్రి గడపినది. ఆ పిదప కొన్నేండ్లు తమ చేలలో ఉప్పు తెల్లగా పేరి, వేసిన విత్తనము మొలవలేదని చెప్పెడిది.

ఆ చేలలో రెండెకరములు అమ్మకు పసుపుకుంకుమ క్రింద వచ్చినవి. ఆమె వానిని అన్నయ్యకును నాకును కలిపి వ్రాసి పోయినది. ఇప్పుడు చుట్టుప్రక్కల పొలములు రొయ్యల చెరువులైనవి. వరి కౌలుకు మూడురెట్లిత్తుమని యొకరు అన్నయ్యను అడిగిరి. నా సంతకము కావలెను. అన్నయ్యకు కూతురి ఇంజనీరింగు చదువున్నది. బడిపంతులు జీతముతో నడచు మా సంసారమునకును ఆ సొమ్ము చేదు కాదు. “అది నీ పుట్టింటి సొత్తు, నీ యిష్టము” అని మా వారు ఊరకుండిరి.

రొయ్యలను నేను నిందింపను. ఆ సొమ్ముతో మేడలు లేచినవి, పిల్లలు పరదేశములకు పోయిరి. అయితే ఆ సొమ్మునకు తాళపుచెవి మనచేత లేదు. 2025 ఆగష్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా, ఇక్కడి చెరువుగట్లపై ధర పడిపోయినది. వరికట్టువంటి ధర దిగిన తిండి గింజలైనను ఇంట మిగులును. రొయ్య మిగులునా?

ఇంకొకటి. మా రెండెకరములను ఆనుకొని ఊరి మంచినీటి చెరువున్నది. అక్కడ బోరు వేసిన ఉప్పునీరే పడును. వేసవిలో కాలువలు కట్టివేయకముందే ఆ చెరువు నింపుకొని, మరల నీరు వదలువరకు దానితోనే గడుపుదురు. ప్రక్కనే ఉప్పునీరు నిలువగట్టిన, ఊట గట్టు దాటకుండునా? అప్పుడు ఇరువది లీటర్ల టిన్నులు కొని మోయువారెవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

మా బందరు రేవునకు 2008 లో శంకుస్థాపన, 2019 లోను 2023 లోను పనుల ప్రారంభోత్సవములు జరిగినవి. కడపటిదాని పిదపనే సముద్రములోనికి రాతిగట్లు పోసిరి. సంతోషమే, 1611 లో ఇంగ్లీషువారు సరకుల కొట్టు పెట్టిన రేవిది. కాలువ కొననున్న తూము పూడిక తీసినప్పుడు మాత్రము ఎవరును రిబ్బను కత్తిరింపరు.

అన్నయ్యకు జాబు వ్రాసితిని. ఈ యేడు పొలము వరికే యిమ్మనియు, కౌలులో తగ్గుదలను నా వాటాలో పట్టుకొని పిల్ల ఫీజునకు వాడుకొమ్మనియు, జూన్ నెలాఖరునకు మా తూమునకు నీరు రాకున్న మరల మాట్లాడుకొందమనియు తెలిపితిని. వదిన మాత్రము ఫోను చేసి, చెరువుగట్టు మాట నీవైనను అన్నావు, అన్నది. అన్నయ్య యింకను బదులు వ్రాయలేదు.