అద్దెకు ఎన్ని కుక్కలు?

అద్దెను నేను కుక్కల్లో లెక్కేసుకుంటాను. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక పడగ్గది ఫ్లాటుకు నెలకు 1,950 డాలర్లు కట్టేదాన్ని. నేను పనిచేసే కుక్కల గ్రూమింగ్ దుకాణంలో వచ్చినదాంట్లో సగం దుకాణానికి, సగం నాకు. ఒక్కో కుక్క మీద సగటున 45 డాలర్లు నా చేతికొచ్చేవి. అంటే నెలలో మొదటి 43 కుక్కల కష్టం ఇంటి యజమానిది. కరెంటు, కారు, తిండి, ఫోను అన్నీ ఆ తర్వాతి కుక్కల మీదే నడవాలి.

ఇప్పుడు పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ పక్కన డార్మాంట్‌లో ఉంటున్నాను. అద్దె 975. ఇక్కడ గ్రూమింగ్ ధరలూ తక్కువే, కుక్కకు 36 డాలర్లు మిగులుతాయి. అయినా 27 కుక్కలతో అద్దె తీరిపోతుంది. నెలకు పదహారు కుక్కల తేడా. ఆ పదహారు కుక్కల కోసమే అమ్మానాన్నల్ని, అక్కడి స్నేహితుల్ని వదిలి 24 ఏళ్ల వయసులో దాదాపు 340 మైళ్లు వచ్చాను.

మాది తెనాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఉద్యోగం వెంట న్యూజెర్సీ చేరాం. గ్రీన్‌కార్డు చేతికొచ్చేసరికి నాకు 20. ఇంకొంచెం ఆలస్యమై 21 దాటి ఉంటే ఏమయ్యేదో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చిన ఇళ్లలో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. ఆ కార్డు లేకుంటే నా చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ వీసా చుట్టూ తిరిగేవి. కుక్కల బొచ్చు దువ్వే పనికి హెచ్‌-1బీ ఉండదు, దానికి డిగ్రీ కావాల్సిన ఉద్యోగమే కావాలి. కార్డు వచ్చాకే నాకు నచ్చిన పని నేను చేసుకోగలిగాను. కాలేజీ మధ్యలో ఆపేసి, ఒక దుకాణంలో కుక్కలకు స్నానం చేయించే పనిలో చేరాను.

ఇంట్లో పెద్ద గొడవ అయింది. "ఇంత దూరం వచ్చింది కుక్కలకు నీళ్లు పోయడానికా?" అని అమ్మ ఏడ్చింది. ఇండియా నుంచి ఫోన్లో ఒక బంధువు "మంగలి పనా?" అన్నారు. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. మన ఊళ్లలో క్షురవృత్తి చేసే కుటుంబాల వాళ్లే గుళ్లో నాదస్వరం ఊదుతారు, పెళ్లిలో డోలు కొడతారు. వాళ్ల సన్నాయి మోగితేనే మనకు శుభం. వాళ్ల కత్తెర మాత్రం మనకు తిట్టు ఎలా అయింది? ఆ రోజు ఫోన్లో ఈ మాట అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను.

ఈ పని ఏమిటో చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. ముప్పై కిలోల కుక్కను తొట్టిలోంచి ఎత్తి బల్ల మీద నిలబెట్టాలి. గాలి వేగంగా కొట్టే డ్రయ్యర్ హోరుకి అది బెదిరిపోకుండా ఒక చేత్తో గడ్డం కింద పట్టుకుని, రెండో చేత్తో ఆరబెట్టాలి. క్లిప్పర్ బ్లేడు వేడెక్కితే చర్మం కాలుతుంది కాబట్టి మాటిమాటికీ నా ముంజేతికి ఆనించి చూసుకోవాలి. గోళ్లు తీసేటప్పుడు లోపలి నరం తెగితే నెత్తురు ఆగదు. నల్ల గోళ్లలో ఆ నరం కనిపించదు, అలవాటుతో పట్టాల్సిందే. హస్కీలాంటి రెండు పొరల బొచ్చు కుక్కను "వేసవి కదా, గుండు చేసెయ్" అని తెస్తారు. అలా చేస్తే ఎండ నుంచి కాపాడే పొర పోతుందనీ, మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చనీ కూర్చోబెట్టి చెప్పాలి. ఇక పూడుల్ సంకరాలు, డూడుల్స్. చూడ్డానికి బొమ్మల్లా ఉంటాయి. ఇంట్లో దువ్వకపోతే చర్మం దాకా జడలు కడతాయి. అలాంటి కుక్క ఒక్కదానికే రెండున్నర గంటలు పడుతుంది.

న్యూజెర్సీలో రోజుకు ఎనిమిది చేసేదాన్ని. రెండేళ్లు తిరిగేసరికి పొద్దున లేవగానే పిడికిలి బిగిసేది కాదు. బొటనవేలి మొదట్లో నొప్పి. వేడినీళ్లలో చేతులు పెట్టుకుని, పట్టీ కట్టుకుని పనికి వెళ్లేదాన్ని.

ఒక డిసెంబరు శనివారం. క్రిస్మస్ ముందు వారాల్లో అందరికీ కుక్క అందంగా తయారవ్వాలి. అద్దెకు ఇంకా నాలుగు కుక్కల డబ్బు తక్కువ పడిందని అదనంగా రెండు నేనే అడిగి తీసుకున్నాను. సాయంత్రం ఐదున్నరకు బల్ల మీద ఉన్నది పదోది, ఒక ముసలి కాకర్ స్పానియల్. చెవి అంచున జడ కట్టింది. జడ కింద కత్తెర పెట్టకూడదు, క్లిప్పర్‌తోనే తీయాలి. నాకు నేర్పిన మొదటి నియమం అదే. బ్లేడు మార్చాలంటే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుందామని కత్తెర పెట్టాను. జడతో పాటు చెవి అంచు తెగింది.

చెవిలోంచి నెత్తురు ఎలా కారుతుందో చూసినవాళ్లకే తెలుసు. కుక్క తల విదిలిస్తే గోడంతా చుక్కలు. అది అరవలేదు, నా వైపు చూసి నా చేతిలోనే తల దూర్చింది. డాక్టరు జిగురు వేసి అతికించారు, గాయం మానింది. బిల్లు నేనే కట్టాను. యజమాని పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా కుక్కను కోటులోకి చుట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ చెవి కోసింది నా చెయ్యే, తప్పు నాది. కానీ ఆ రాత్రి కూర్చుని వెనక్కి లెక్క కట్టుకుంటూ వెళ్తే, కత్తెర దగ్గర మొదలైన లెక్క అద్దె దగ్గరకొచ్చి ఆగింది. ఆ అద్దె కడుతున్నంత కాలం నేను తొందరపడుతూనే ఉంటాను. తొందరపడేవాళ్ల చేతిలో మూగజీవిని పెట్టకూడదు.

పెన్సిల్వేనియాకు మారాలన్న ఆలోచన ఆ రాష్ట్రంలోని హెర్షీలోనే వచ్చింది. అక్కడ జరిగే గ్రూమ్ ఎక్స్‌పోకు ఒక సెప్టెంబరులో వెళ్తే, ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఒకావిడ నా చేతి పట్టీ చూసి ఎన్ని కుక్కలు చేస్తున్నావని అడిగింది. ఎనిమిదంటే, "నలభై ఏళ్లు వచ్చేసరికి నీకు చేతులు ఉండవు, పడమటికి, పిట్స్‌బర్గ్ వైపు రా" అంది.

పిట్స్‌బర్గ్‌లో ఇళ్లు చవకగా ఉండటానికి ఒక బాధాకరమైన కారణం ఉంది. 1950లో ఆ నగర జనాభా 6 లక్షల 76 వేలు. 1980ల్లో ఉక్కు మిల్లులు వరసగా మూతపడ్డాయి, పిల్లలు పనుల కోసం వెళ్లిపోయారు. 2020 లెక్కల్లో మిగిలింది 3 లక్షల 3 వేలు. కొండల మీద కట్టిన ఇళ్లు మిగిలాయి, మనుషులు తగ్గారు. నేను చవకగా ఉంటున్న గది ఒకప్పుడు ఎవరో ఖాళీ చేసి వెళ్లిన బతుకని నాకు గుర్తుంటుంది.

చవక దొరకడం తేలిక. క్షేమం తెలుసుకోవడమే కష్టం. నేరాల పటాలు చూశాను. అవి ఒక ప్రాంతం సంగతి చెబుతాయి, నేను నడవబోయే వీధి సంగతి చెప్పవు. అందుకని నాకు తెలిసిన పద్ధతిలో చూశాను. మూడుసార్లు వెళ్లి, రాత్రి పదిన్నరకు కారు ఆపుకుని, కుక్కల్ని ఎవరు ఎలా తిప్పుతున్నారో గమనించాను. ఒకచోట 700కే శుభ్రమైన ఫ్లాటు ఉంది. రాత్రిపూట ఆ వీధిలో జనం గుమ్మం పక్క గడ్డిలో కుక్కను రెండు నిమిషాలు నిలబెట్టి, అటూ ఇటూ చూసి లోపలికి లాక్కుపోయారు. గొలుసు పొట్టిగా, బిగుతుగా పట్టుకున్నారు. ఆ వీధిలో బీదతనం ఉందని నేను వెనక్కి రాలేదు, భయం ఉందని వచ్చాను. డార్మాంట్‌లో పొటోమాక్ అవెన్యూ మీద అదే సమయానికి ఒకావిడ తెల్లటి చిన్న కుక్కతో ఒంటరిగా వెళ్తోంది. తాడు వదులుగా నేలను తాకుతోంది. ఎదురొచ్చిన ముసలాయన ముందు కుక్కను పేరు పెట్టి పలకరించి, తర్వాత ఆమెతో మాట్లాడాడు. అక్కడే ఇల్లు చూసుకోవాలని కారులోనే అనుకున్నాను.

డార్మాంట్ ఒక చదరపు మైలు కూడా లేని బరో, మన చిన్న మునిసిపాలిటీలాంటిది. 'టీ' అని పిలిచే రైలు ఊరి మధ్యగా పోతుంది. ఒకవైపు సొరంగం దాటితే మౌంట్ లెబనాన్, కలిగినవాళ్లు, కుక్కలు ఎక్కువగా ఉండే ఊరు. నా పని అక్కడ. రెండోవైపు బీచ్‌వ్యూ. బీచ్‌వ్యూ నగరం హద్దులోకి వస్తుంది. నగరంలో కాపురముంటే సంపాదన మీద స్థానిక పన్ను 3 శాతం, చుట్టుపక్కల చాలా బరోల్లో 1 శాతం. ఏడాదికి 36 వేల డాలర్లు సంపాదించేవాళ్లకు ఆ రెండు శాతం 720 డాలర్లు. నా లెక్కలో 20 కుక్కలు. ఇల్లు చూసేటప్పుడు వీధికి ఏ పక్కన ఉన్నామో అడగమని నాకెవరూ చెప్పలేదు, అందుకే చెబుతున్నాను.

ఇంకో మాట. ఈ పనిలో చాలా దుకాణాలు మనల్ని జీతగాళ్లుగా పెట్టుకోకుండా 1099 కాగితం ఇచ్చి, సొంత వ్యాపారం చేసుకుంటున్నట్టు చూపిస్తాయి. అప్పుడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 15.3 శాతం మనమే కట్టుకోవాలి. చెయ్యి విరిగితే ఆదుకునే బీమా ఉండదు. పని వేళలు వాళ్లే చెప్పి, బల్లా తొట్టీ వాళ్లవే అయినప్పుడు జీతగాళ్లకిచ్చే డబ్ల్యూ-2 కాగితం ఇమ్మని అడగాలి. నేను రెండు చోట్ల అడిగి కాదనిపించుకుని, మూడో చోట చేరాను. అలాగే ఇక్కడ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, న్యూజెర్సీలో 15 దాటింది. స్నానాలు చేయించే పనితో ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు ఇక్కడికి వస్తే నష్టపోతారు. పని అక్కడ నేర్చుకుని, చేతికి వాటా వచ్చే రోజున కదలాలి.

మా ఇంటావిడ కింది అంతస్తులో ఉంటారు. డెబ్బై దాటిన వితంతువు. ఆమె తండ్రి మిల్లులో పనిచేశారట. నన్నూ నా స్నేహితురాలినీ కలిపి 'యిన్జ్' అని పిలుస్తారు, ఈ ఊరి యాసలో మన బహువచనం 'మీరు' లాంటిది. మొదటి మంచు పడిన రోజు నేను గంటసేపు తవ్వి కారు తీస్తే, ఆ ఖాళీలో ఒక పాత కుర్చీ తెచ్చి పెట్టారు. సాయంత్రం వచ్చేసరికి ఆ చోటు అలాగే ఉంది. ఇక్కడ కుర్చీ పెట్టిన చోట ఎవరూ కారు పెట్టరు. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనదైనట్టే ఇదీ. ఆ కుర్చీని చూసి ఆ రాత్రి చాలా నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఎడిసన్‌లో ఓక్‌ట్రీ రోడ్డు మీద తెలుగు వినిపించని రోజు ఉండేది కాదు. ఇక్కడ వారాల తరబడి నా భాష నా ఫోన్లోనే ఉంటుంది. బెంగ పట్టుకుంటే పెన్‌హిల్స్ కొండమీది వేంకటేశ్వరుడి గుడికి వెళ్తాను. 1970ల్లో కట్టిన గుడి. గోపురం చూసి, పులిహోర తిని, పక్కన ఎవరో పిల్లాణ్ని "ఒరేయ్, పరిగెత్తకు" అని కేకేస్తే అది విని వస్తాను.

కుక్కల గ్రూమింగ్ పనికి ఇక్కడగానీ న్యూజెర్సీలోగానీ లైసెన్సు అక్కర్లేదు. మనుషుల జుట్టు కత్తిరించాలంటే కావాలి, నోరులేని ప్రాణికి కత్తెర పెట్టేవాళ్లను మాత్రం ఎవరూ పరీక్షించరు. నాకిది తప్పనిపిస్తుంది. అందుకే నాకు నేనే పరీక్షకు కూర్చుంటున్నాను. 1969లో మొదలైన నేషనల్ డాగ్ గ్రూమర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఉన్నది పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన క్లార్క్ అనే చిన్న ఊళ్లోనే. జాతుల వర్గాలవారీగా చేతిపని పరీక్షలు పెడతారు. పొట్టికాళ్ల టెర్రియర్లది అయింది. కాకర్ స్పానియల్ వచ్చే వర్గానిది ఇంకా ఉంది. దానికే ఎక్కువగా సాధన చేస్తున్నాను.

మొన్న అక్టోబరులో అమ్మ వచ్చింది. చిన్నప్పుడు తెనాలిలో కుక్క కరిస్తే అమ్మకు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచారు. అప్పటినుంచి కుక్కంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడ మూడు నెలలు దాటిన ప్రతి కుక్కకూ రేబిస్ టీకా చట్టప్రకారం వేయించాల్సిందేనని, ఆ కాగితం చూడందే నేను బల్ల ఎక్కించనని చెప్పాను. నమ్మీ నమ్మనట్టు విన్నది. ఇంటావిడ ముసలి టెర్రియర్ వరండాలోకి వచ్చిన మొదటిరోజు కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుంది. ఐదో రోజుకి కాళ్లు కిందే ఉన్నాయి, అది పాదాల పక్కన నిద్రపోతోంది. అమ్మ నా కుడిచేతి బొటనవేలిని మెల్లగా వంచి చూసి, "నొప్పి ఉందా?" అని అడిగింది. తగ్గిందన్నాను.

ఆ మర్నాడు పనికి బయల్దేరుతుంటే వంటింట్లోంచి కేకేసింది.

"ఇవాళ ఎన్ని కుక్కలే?"

"నాలుగమ్మా."

"అయితే ఐదింటికల్లా వచ్చేస్తావు. పప్పుచారు పెడతా."