కాఫీ బాకీ

శంకర్ విలాస్ అన్నది హోటలు పేరు. మా గుంటూరులో ఆ పేరు మీద సెంటరుంది, ఆటో ఎక్కేవాళ్లు చెప్పే గుర్తూ అదే. నడిబొడ్డు కూడలినే హోటలు పేరుతో పిలుచుకునే ఊళ్లో, కాఫీ తగ్గించుకుంటానన్న మనిషి వంక జనం ఎలా చూస్తారో వేరే చెప్పక్కర్లేదు. అందులోనూ మాది బ్రాడీపేట. లైన్లూ అడ్డరోడ్లూ అంకెలతోనే సాగిపోయే ఈ పేటలో తెల్లవారుజామున ముందు గుమ్మాల్లో పాల ప్యాకెట్లు పడ్డ చప్పుడు, ఆ వెనకే వంటిళ్లలోంచి ఫిల్టరు మీద చెంచాతో టకటకా కొట్టే చప్పుడు వినిపిస్తాయి. డికాషన్ దిగక కొట్టే దెబ్బలవి. వాటిలో ఎంత ఆత్రం ఉంటుందో వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మా ఊళ్లో ఈ ఉద్యోగమంటే తెల్లారకముందే క్లాసు, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్. ఆ రెంటి మధ్యా మనిషిని నిలబెట్టేది కాఫీయేనని అందరం నమ్ముతాం. లేవగానే ఒకటి, టిఫిన్ అయ్యాక ఒకటి, ఇంటర్వెల్లో స్టాఫ్ రూములో ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి, ఐదింటికి ఇంటికొచ్చాక అత్తయ్యతో కూర్చుని ఒకటి. ఎవరైనా వస్తే వాళ్లకు తోడుగా ఇంకొకటి, అది లెక్కలోకి రాదు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున గుండెల్లో మంట. గుంటూరువాళ్లం కదా, నేరం వెంటనే మిరపకాయ మీద మోపాం. గోంగూర పచ్చట్లో పండుమిరపకాయలు తగ్గాయి, ఆవకాయ జాడీ పై అరలోకి ఎక్కింది. మంట మాత్రం ఉన్నచోటే ఉంది. కాఫీ గ్లాసు వంక ఇంట్లో ఎవరమూ వేలు చూపలేదు.

దారి చూపింది క్లాసులో ఒక అమ్మాయి. ఆల్కలాయిడ్ల మాట వచ్చినప్పుడు లేచి, "మేడమ్, కెఫీన్‌లో కేలరీలు లేవు కదా, మరి కాఫీ తాగితే శక్తి ఎక్కడ్నుంచి వస్తుంది?" అంది. పరీక్షలో రాని ప్రశ్న. రాని ప్రశ్నలు అడిగే పిల్లలు మా ఊళ్లో తక్కువ, వాళ్లకు అంత తీరిక మనం ఇవ్వం. సమాధానం రేపు చెబుతానన్నాను. ఇంటికొచ్చి పుస్తకాలు తీశాను.

కెఫీన్‌ను మొదట వేరు చేసింది 1819లో, రుంగె అనే జర్మన్ యువకుడు. కాఫీ గింజలు తెచ్చి చేతిలో పెట్టి, ఇందులో ఏముందో చూడమన్నది మహాకవి గేటే. ఆ తెల్లటి పొడి మన ఒంట్లో ఏం చేస్తుందో తెలియడానికి మాత్రం ఇంకో నూటయాభై ఏళ్లు పైనే పట్టింది. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తనకంటూ ఉన్న గ్రాహకాల్లో చేరినకొద్దీ మనకు బడలిక, మగత. కెఫీన్ ఆకారం దానికి దగ్గరగా ఉండటంతో ఆ చోట్లలో ముందే వెళ్లి కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, అలిసిపోయామన్న కబురు మెదడుకు అందదు, అంతే. రోజూ ఇలాగే జరుగుతుంటే ఒళ్లు ఊరుకోదు. గ్రాహకాలను పెంచుకుంటుంది. అప్పుడు పాత మోతాదు చాలదు. తాగకపోతే ఖాళీగా ఉన్న చోట్లన్నిట్లో అడినోసిన్ ఒక్కసారిగా వచ్చి కూర్చుంటుంది. కెఫీన్ బిగించి ఉంచిన మెదడు రక్తనాళాలు వదులవుతాయి, తల పగిలిపోతుంది.

ఇది చదివాక నాకు మిర్చి యార్డు గుర్తొచ్చింది. మా చిన్నాన్న అక్కడ ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేసేవాడు. విత్తనాలకూ పురుగుమందులకూ రైతుకు కొట్టు అడ్వాన్సు ఇస్తుంది. పంట చేతికొచ్చాక టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఆ కొట్టుకే వేయాలి. అడ్వాన్సూ వడ్డీ కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు, మళ్లీ సాగుకు మళ్లీ అడ్వాన్సు. డబ్బు తీసుకున్న రోజు రైతుకు చేతినిండా ఉన్నట్టే ఉంటుంది. నా మొదటి గ్లాసు కథ సరిగ్గా ఇదే. తెల్లవారి అది గొంతులో పడగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది కదా, అందులో చాలా భాగం నిన్నటి కాఫీ పెట్టిపోయిన తలబరువు తీరడమే. బాకీ కట్టి, దాన్నే సంపాదన అనుకుంటున్నాను.

ఆ అమ్మాయికి మర్నాడు ఇది చెప్పాను. "అయితే అసలు అలవాటు లేనివాళ్లు పొద్దున్నే ఎలా ఉంటారో, మీరు కాఫీ తాగాక అలా ఉంటారన్నమాట మేడమ్" అంది. అంతకన్నా క్లుప్తంగా నేనూ చెప్పలేను.

అప్పటి నుంచి ఇంట్లో చూస్తున్నవి వేరేగా కనిపించసాగాయి. అత్తయ్య కార్తీక సోమవారాలు, శివరాత్రి నిష్ఠగా ఉపవాసం ఉంటుంది. "ఉపవాసానికి కాఫీ పనికొస్తుందమ్మాయ్, అది అన్నం కిందికి రాదు" అన్నది ఆవిడ ధర్మశాస్త్రం. అలా కాఫీతో ఉపవాసం ఉన్న రోజున సాయంత్రం దీపం పెట్టేదాకా చలాకీగా తిరుగుతుంది. ఒక శివరాత్రికి కోటప్పకొండ వెళ్లాం. రద్దీలో కాఫీ కుదరలేదు. దర్శనమై కొండ దిగేసరికి తల పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎండ అన్నాం, ఆకలి అన్నాం, ప్రభల దగ్గర మైకుల హోరు అన్నాం. ఆకలికి తలనొప్పి రాదని అనను. కానీ అదే ఉపవాసం, అదే మనిషి, కాఫీ ఉన్న రోజున రాని నొప్పి లేని రోజునే ఎందుకొచ్చింది?

అమెరికన్ మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక రుగ్మతల గ్రంథంలో కెఫీన్ మానినప్పుడు వచ్చే బాధలను గుర్తించి చేర్చింది. చివరి గ్లాసు తాగిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది, సాధారణంగా తొమ్మిది రోజుల్లోపు సర్దుకుంటుంది. చిరాకు, మగత, దేనిమీదా మనసు నిలవకపోవడం దాని బంధుగణం. ఒకటి రెండు గ్లాసుల అలవాటు ఉన్నవాళ్లకు కూడా ఇది రావచ్చు. ఇంకో విశేషం ఉంది. అడుగడుగునా మందుల షాపులున్న బ్రాడీపేటలో తలనొప్పి అని వెళితే చేతిలో పెట్టే సారిడాన్‌లో, నొప్పి తగ్గించే మందులతోపాటు 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మా స్టాఫ్ రూములో ఒకాయన కాఫీ మానేశానని గర్వంగా చెబుతూ రోజూ ఆ బిళ్ల వేసుకునేవారు. మానింది గ్లాసు.

అందుకే ఒక్కసారిగా మానేయడం అన్న వీరత్వం నేను పెట్టుకోలేదు. నిలబడి పాఠం చెప్పాల్సినదాన్ని, తల పగిలే తొమ్మిది రోజులు నాకెవరిస్తారు?

ఇక్కడ చికోరీ గురించి చెప్పాలి. మా ఇంట్లో చికోరీ అన్నది తిట్టుతో సమానం. కొట్టులో గింజలు కళ్లముందు మర కొట్టించి, వేడివేడి పొడి సంచిలో వాసన పీలుస్తూ తెచ్చుకునే వంశం మాది. పీబరీ, కల్తీ లేనిది. ఎవరింట్లోనైనా కాఫీ నల్లగా, జిగటగా, కాస్త చేదు తీపిగా ఉంటే దారి పొడుగునా "చికోరీ కొట్టొచ్చినట్టు తెలుస్తోంది" అని చెప్పుకుంటూ రావడం మా ఆనవాయితీ. ఆ చికోరీ ఒక మొక్క వేరు. గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు, ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ బొత్తిగా ఉండదు. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతానికి మించకూడదని నియమం. ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలి. కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఈ లెక్క తట్టడానికి ఇన్నేళ్లు పట్టిందంటే మా ఇంటి పట్టుదల ఎంతటిదో చూడండి. గ్లాసులు తగ్గించకుండా, వేళలు మార్చకుండా, పొడిలో పాళ్లు మారిస్తే చాలు. కెఫీన్ దానంతటదే దిగుతుంది.

కొట్టుకు వెళ్లి, "ఈసారి ఎనభై ఇరవై వేయండి" అన్నాను. కొట్టాయన చేతిలో తవ్వ ఆగిపోయింది. మా మామగారి కాలం నుంచి మాకు పొడి ఇస్తున్న మనిషి. నా వంకా, నా వెనక రోడ్డు వంకా చూసి, "ఇంట్లో అంతా కులాసాయేనా అమ్మా?" అన్నాడు. ధర తగ్గుతుందని అడుగుతున్నాననుకున్నాడు పాపం. నెమ్మదిగా డెబ్బై ముప్పై, తర్వాత అరవై నలభై. కొత్త పాళ్లు వచ్చిన ప్రతిసారీ మొదటి వారం రుచి ఎబ్బెట్టుగా ఉండేది, ఆ తర్వాత తెలిసేది కాదు. అత్తయ్య ఒక పొద్దున గ్లాసు దించి, "పాలవాడు పాలు మార్చాడేమో కనుక్కో అమ్మాయ్" అంది. ఇద్దరికీ ఒకే ఫిల్టరు మరి. సంగతి చెప్పాక నాలుగు రోజులు ఆవిడ నాతో ముభావంగా ఉంది. అది న్యాయమే.

రెండో పని వేళలు కుదించడం. ఒంట్లో చేరిన కెఫీన్ సగం కావడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. గర్భిణుల్లో ఇంకా చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. సాయంత్రం ఐదింటి గ్లాసులో సగం రాత్రి పదింటికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, నేను పక్క మీద అటూ ఇటూ దొర్లుతుంటాను. మూడింటి కాఫీ, ఐదింటి కాఫీ తీసేయడం పాళ్లు మార్చినంత తేలిక కాలేదు. నాలుక ఒప్పుకుంది, చేతులు ఒప్పుకోలేదు. ఆ వేళకు వేడి గ్లాసేదో పట్టుకోవాలి. జీలకర్ర నీళ్లు, శొంఠి పాలు, ఏదో ఒకటి.

హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ఇచ్చిన ఆహార సూచనల్లో కాఫీ, టీల ముచ్చట ఉంది. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకు 300 మించొద్దన్నది వాళ్ల మాట. అంతకన్నా మనకు ముఖ్యమైనది ఇంకోటుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత ఇవి తాగొద్దన్నారు. వీటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత తేలింది. హాస్టల్లో ఇడ్లీ తిన్న చేత్తోనే కాఫీ గ్లాసు అందుకునే ఆడపిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది. పెద్ద పరీక్షల ముందు రాత్రి పన్నెండింటికి కాఫీ కలిపి ఇచ్చి అదే ప్రేమ అనుకునే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే: చదివినది తలలో కుదురుకునేది నిద్రలో. ఆ నిద్రను మీ చేత్తో చెడగొట్టకండి.

కాఫీ మీద నాకు పగ లేదు. అరకు గిరిజన రైతులు పండించే అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే సంబరపడ్డాను. ఇటు మా జిల్లాలోనే, కాఫీ మొక్క ఒక్కటి కూడా మొలవని దుగ్గిరాలలో, పసుపు యార్డున్న ఊళ్లో, సీసీఎల్ ప్రొడక్ట్స్ వాళ్లు 1995 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి దేశదేశాలకు పంపుతున్నారు. మంచిదే. ఇప్పుడు నాకు పొద్దున టిఫిన్‌కు ఎడంగా ఒకటి, పదకొండింటికి ఒకటి. మొదటిది ఆలస్యమైనా తల నొయ్యదు. రాత్రి పడుకుంటే నిద్ర పడుతుంది. మంట చాలావరకు తగ్గింది, ఆవకాయ జాడీ కింది అరలోకి దిగింది. రుచి కూడా ఇప్పుడే తెలుస్తోంది, ఇదివరకు తాగింది ఆత్రంగా కదా.

ఇంత చేశాక కూడా తెగనిది ఒకటే, పరాయి ఇల్లు. "ఒక్క చుక్క, నా మాట తీసేయకండి వదినగారూ" అంటారు. వద్దంటే, "షుగరొచ్చిందా?" "మా ఇంట్లో తాగరా?" "పోనీ టీ పెట్టనా?" అని వరస. నేనూ ఇన్నేళ్లు ఇలాగే ఎందరినో బలవంతపెట్టి తాగించినదాన్ని, కాబట్టి ఆ ఆప్యాయత నాకు తెలియనిది కాదు. కానీ తగ్గించుకుందామని తంటాలు పడే మనిషికి తన నాలుకతో పోరు ఒక వంతైతే ఎదుటివాళ్ల మర్యాదతో పోరు మూడు వంతులు. ఈసారి మీ గుమ్మం ఎక్కినవాళ్లు కాఫీ వద్దంటే ఒక్కసారికే వినండి. కారణం అడక్కండి. మజ్జిగ ఉంటే ఇవ్వండి, లేదా కాసిని చల్లటి మంచినీళ్లు చాలు.