గోదాము వ్యాకరణం



గత ఆదివారం ఉదయం మా ఇంటికి ఒక పూర్వ విద్యార్థి వచ్చాడు. తెనాలి సమీపంలోని ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడిగా పనిచేసిన కాలంలో నా వద్ద చదువుకున్నవాడు. పేరు వ్రాయను. అతని అనుమతితోనే ఈ నాలుగు మాటలు పంచుకుంటున్నాను. నేనొకసారి అతని పట్ల తప్పుగా మాట్లాడాను. ఆ సంగతి చెప్పుకోవడం కూడా ఈ వ్యాసానికి ఒక కారణం.

బి.కాం. పూర్తి చేసి, 2013లో అతడు హైదరాబాదు శివార్లలో, మేడ్చల్ వైపు, ఒక మందుల గోదాములో చేరాడు. లారీ రాగానే చలానుతో పెట్టెలు సరిచూడడం, బ్యాచి సంఖ్య, గడువు తేదీ నమోదు చేయడం, ర్యాకు దగ్గర ఉండే బిన్ కార్డులో రాక, పోక, నిలువ వ్రాయడం అతని దినచర్య. హమాలీలు తక్కువైన రోజున తానూ పెట్టెలు మోసేవాడు. మందుల విషయంలో ముందు వచ్చినది ముందు పోవాలన్న నియమం చాలదట. ముందుగా గడువు తీరేది ముందు పోవాలి. నిన్న వచ్చిన పెట్టె గడువు, నెల క్రితం వచ్చినదానికంటె దగ్గరగా ఉండవచ్చు. ఈ ఎరుకతో ఆరేళ్ళు గడిపాడు.

2019లో ఆ పని మాని, అమీర్‌పేటలో శాప్ నేర్చుకుంటానని నా సలహాకు వచ్చాడు. ఐ.బి.ఎం. నుండి బయటకు వచ్చిన ఐదుగురు 1972లో జర్మనీలో స్థాపించిన సంస్థ అది. కొనుగోలు, నిలువ, అమ్మకం, పద్దులు – ఒక వ్యాపారపు వ్యవహారాలన్నిటినీ ఒకేచోట కలిపి నడిపే సాఫ్ట్‌వేరుకూ అదే పేరు.

నేను పెద్దరికంతో అన్నాను: “చేతిలో ఉన్న పని వదలకు నాయనా. నీకు ఇంగ్లీషు ధారాళంగా రాదు. మూటలు మోసిన చేతికి ఆ విద్య అబ్బుతుందా?”

అతడు మారు మాట్లాడలేదు. తల వంచుకొని వెళ్ళాడు. వెళ్ళి ఫీజు కట్టాడు.

కొన్ని నెలలకు ఫోను చేశాడు. గొంతులో దిగులు. “మాస్టారూ, కోర్సు అయింది. గోదాములో పనిచేసిన మాట ఎక్కడా చెప్పవద్దంటున్నారు. నేనెన్నడూ చూడని కంపెనీలో మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితం ఇప్పిస్తారట. డబ్బు కట్టాలి. అందరూ అదే చేస్తున్నారు. ఏం చెయ్యమంటారు?”

ఉన్న ఆరేళ్ళ అనుభవాన్ని దాచి, లేని మూడేళ్ళను కొనుక్కోవడం! వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకసారి వద్దని చెప్పి అతని మనసు నొప్పించినవాణ్ణి. “నీకు ఏది తోస్తే అది చెయ్యి” అని తప్పించుకున్నాను.

అతడు ఆ కాగితం కొనలేదు. 2020లో కరోనా వచ్చింది. ఉద్యోగం లేదు, పొదుపు కరిగిపోయింది. తోటివారిలో ఆ కాగితాలతో ముందే ఉద్యోగాలలో చేరినవారున్నారు. ఒకరిద్దరి సంగతి విచారణలో బయటపడి పోయినా, మిగిలినవారు నేటికీ బాగానే ఉన్నారు. సత్యమే జయించిందని కథ చెప్పడానికి నాకు వీలులేదు. ఆ ఏడాదంతా అతని ఇంట్లో వెక్కిరింపే జయించింది.

2021లో ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడిగారట: “కంప్యూటరులో వంద పెట్టెలున్నాయి, ర్యాకులో తొంభై ఏడే ఉన్నాయి. ఏం చేస్తావు?” తేడాను ఏ తెర మీద ఎలా సరిచేయాలో చెప్పడం పుస్తకం చదివిన ఎవరికైనా తెలుసు. ఇతడు అది ఆఖరున చెప్పాడు. “ముందు పక్క ర్యాకులు చూస్తానండి. తరువాత నలిగిన పెట్టెలు విడిగా పెట్టేచోట చూస్తాను. సరుకు పంపి నమోదు మరచిన చలానులేమైనా ఉన్నాయేమో అడుగుతాను. రెండోసారి లెక్కించాకే కంప్యూటరులో చెయ్యి పెడతాను.” చిన్న జీతానికే తీసుకున్నారు, కాని తీసుకున్నారు.

మొన్న అతడు తన ల్యాప్‌టాప్ తెరచి ఆ విద్య నాకు చూపించాడు. సరుకు ప్రతి కదలికకూ ఒక సంఖ్య ఉంది. 101 అంటే సరుకు వచ్చింది. 102 అంటే ఆ రాక రద్దయింది. 261 అంటే తయారీ నిమిత్తం వెళ్ళింది. నాకు విభక్తులు గుర్తుకు వచ్చాయి. ఎవరి వలన వచ్చింది, దేని కొఱకు పోయింది, దేని యందు ఉంది – పంచమి, చతుర్థి, సప్తమి! నామవాచకం అదే, ప్రత్యయం మారితే వాక్యంలో దాని సంబంధం మారుతుంది. 101 నమోదు చేయగానే నిలువా పెరుగుతుంది, పద్దులలో దాని విలువా ఎక్కుతుంది. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు కోష్ఠాగారానికొక అధ్యక్షుణ్ణి, లెక్కల అక్షపటలానికి వేరొక అధ్యక్షుణ్ణి చెప్పాడు. సరుకు చూసేవాడికీ లెక్క వ్రాసేవాడికీ నడుమ ఎడం అంత పాతది. నా శిష్యుడు ఆ రెండింటి నడుమ నిలబడి పనిచేస్తున్నాడు. ఆ సాఫ్ట్‌వేరు పాత రూపానికి ప్రధాన నిర్వహణ 2027తో ముగుస్తుందని సంస్థ ప్రకటించినందువల్ల, కంపెనీలు 2015లో వచ్చిన కొత్త రూపానికి మారుతున్నాయి. ఆ మార్పు పనిలోనే ఉన్నాడు.

వచ్చిన పని చివరికి చెప్పాడు. గోదాము సిబ్బందికి తెలుగులో ఒక చిన్న కరదీపిక వ్రాశాడు, దోషాలు దిద్దమన్నాడు. ఎర్ర కలం తీసి మొదటి శీర్షికే కొట్టివేసి, ‘సరుకు స్వీకరణ ప్రక్రియ’ అని వ్రాశాను. అతడు మొహమాటంగా నవ్వాడు.

“అది వద్దు మాస్టారూ. ‘సరుకు దిగింది’ అంటేనే మావాళ్ళకు తెలుస్తుంది.”

నేను వ్రాసినది నేనే కొట్టివేశాను. అక్షరదోషాలు మాత్రం దిద్ది పంపాను.