నాగలి కర్రు పుట్టిల్లు

తాడేపల్లిగూడెం పక్కనే పెంటపాడు. ఎటు చూసినా వరిచేలు, కాల్వగట్లు, కొబ్బరిచెట్లు. గోదావరి ఒండ్రు పేర్చిన నేల. ఇక్కడ నాగలి కర్రుకు పని దొరుకుతుంది గానీ, ఆ కర్రుకు కావాల్సిన ఇనుపరాయి దొరకదు. దాని పుట్టిల్లు చూడాలంటే ఏలూరు దాటి, నూజివీడు వైపు ఎర్రనేలల్లోకి వెళ్లాలి.

ఆ దారిలో ఇప్పుడు మామిడితోటలే పలకరిస్తాయి. కానీ ముసునూరు మండలంలోని రమణక్కపేట ఒకప్పుడు ఇనుముకు పేరుపడ్డ ఊరు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకునే వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ 1795లో ఇక్కడి కొలుముల గురించి నివేదిక రాశాడు. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో దాన్ని తన పుస్తకంలో చేర్చారు.

ఇంతకీ రాయి ఇనుమెలా అవుతుంది? ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పేది బొగ్గే! మట్టి కొలిమిలో ఖనిజాన్నీ కట్టెబొగ్గునూ వరసలుగా పోసి, తోలుతిత్తులతో గాలి ఊదుతారు. బొగ్గు మండి కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. అది ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుని కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఊరి కొలిమికి అంత శక్తి లేదు. అందుకే ఇనుము నీరులా పారదు, స్పంజిలాంటి ముద్దగా మిగులుతుంది. కరిగి కారేది చిట్టెం మాత్రమే. ముద్దలో ఇరుక్కున్న చిట్టెాన్ని సమ్మెట దెబ్బలతో వదలగొడితేనే పనికొచ్చే ఇనుము.

అంత నేర్పున్న ఊరిని కరువు దెబ్బతీసింది. హైన్ వచ్చేనాటికే చాలా కొలుములు చల్లారిపోయాయి. ఖనిజం భూమిలోనే ఉంది. నిప్పు రాజేసే మనుషులే కరవయ్యారు. తర్వాత విదేశీ ఇనుము చవగ్గా దిగడంతో దేశమంతటా ఇలాంటి కొలుములు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

మళ్లీ తెలుగునేల మీద ఇనుము పుట్టించాలంటే పోరాడాల్సి వచ్చింది. 1966 ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1990లో విశాఖ ఉక్కు కర్మాగారంలో వెలిగిన తొలి బ్లాస్ట్ ఫర్నేస్ పేరేమిటో తెలుసా? గోదావరి! అక్కడ కట్టెబొగ్గుకు బదులు కోక్, తిత్తులకు బదులు వేడిగాలి యంత్రాలు. ఖనిజం బైలదిల్లా నుంచి వస్తుంది. ఖనిజంలోని మలినాలను సున్నపురాయి చిట్టెంగా లాగేస్తే, ఇనుము ద్రవంగా పారుతుంది. రసాయనం మాత్రం రమణక్కపేటదే.

పెంటపాడు చేలకు నీళ్లిచ్చే నది పేరే ఆ నిప్పుకూ పెట్టారు. కర్రుకు రెండూ కావాలి మరి!