గోస్తనీ తీరమున పిల్లలతో

వేసవి సెలవులు సమీపించినంతనే పట్టణవాసులైన తలిదండ్రులకు ఒక విచారము పట్టుకొనును. పిల్లలను ఎచటికి తీసికొనిపోవలెను? వారికి ఉల్లాసము కలుగవలెను, కొంత సాహసమును ఉండవలెను, కాని ఆ సాహసము మోకాలు గీరుకొనిపోవుటను మించరాదు, ఖర్చు చేయిదాటరాదు, మరునాడు ఆఫీసునకు పోవు ఓపిక మిగిలియుండవలెను. ఇన్ని నియమములకు ఒదుగునట్లుగా నగరముల పొలిమేరలలో నీటి జారుబండలును, కృత్రిమ తరంగములును గల వినోదవనములు వెలసినవి. వానిలో పిల్లలు కేరింతలు కొట్టరని నేననను. అయినను, ఎంత ఎత్తునుండి జారవలెనో, ఎన్ని నిమిషములు తడియవలెనో, ఎచ్చట భయపడవలెనో సైతము యజమానియే ముందుగా నిర్ణయించి టిక్కెట్టు చించిన చోట, పిల్లవాడు తనంత తాను కనుగొనవలసినది ఏమియు మిగులదు. అందుచేత నన్నడిగినవారికి నేను ఒక్కటే చెప్పుచుందును: ఒక చిన్న నదిని ఎన్నుకొనుడు, దాని వెంట పొండు.

చిన్న నది యనుటకు కారణము కలదు. గోదావరి దర్శింపదగినది, రాజమహేంద్రవరపు వంతెనపై నిలిచి ఆ విస్తారమును చూచిన బాలుడు నోరు తెరచును, పెద్దలు చెప్పగా నమస్కరించును, అంతటితో వానికి ఆ నదితో పని తీరును. పాపికొండల నడుమ లాంచి ప్రయాణము రమణీయమే యైనను, 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద పడవ మునిగిన వార్త విన్న తల్లి మనస్సు ఆ విహారమున కుదుటపడి యుండజాలదు. పిల్లలకు కావలసినది తమ కొలతకు సరిపడు నది. దిగుటకు, దాటుటకు, రాళ్లు పేర్చి అడ్డుకట్ట వేయుటకు లొంగునట్టిది. ఉత్తరాంధ్రమున అట్టి యేరులు పెక్కు గలవు. వానిలో నేనెరిగినది గోస్తని. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల నుండి దారి చేసికొని, తాటిపూడి వద్ద జలాశయముగా నిలిచి, జామి, పద్మనాభముల మీదుగా సాగి, భీమునిపట్నము చెంత సముద్రమును చేరు ఈ నది నిడివి సుమారు 120 కిలోమీటర్లు మాత్రమే. పుట్టినచోటు నుండి కలిసినచోటు వరకు ఒక నదీజీవితము నంతను పదేండ్ల పిల్లకు ఒక్క సెలవులలోనే చూపవచ్చును.

ఎగువకు పోవుటకు విశాఖపట్నమున ఉదయమే కిరండూల్ రైలెక్కుట ఉత్తమము. ఈ మార్గము విహారార్థము వేసినది కాదు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజమును రేవునకు దింపి జపాను దేశమునకు పంపుటకై 1960 దశకమున కొండలు తొలిచి వేసినది. దారిపొడవునను 58 సొరంగములు గలవు. 2017 నుండి దీనికి అద్దాల పెట్టె యొకటి తగిలించుచున్నారు. అందు కూర్చున్నవారికి ఆకాశము కూడ కనబడును. నాకు మాత్రము కిటికీ తెరచిన మామూలు పెట్టెయే ప్రియము, ఏలయన సొరంగపు చల్లని తడివాసన అద్దము గుండ రాదు. శృంగవరపుకోట, బొడ్డవర దాటి శివలింగపురము చేరునప్పటికి బండి వేగము తగ్గును. పిల్లల కంఠములు లేచును. చీకటి కమ్మినప్పుడెల్ల పెట్టెలోని పిల్లలందరు, పరిచయము లేకయే, ఒక్క గొంతుగా అరతురు. మా మనుమలిద్దరును సొరంగములను లెక్కించుచు, పైకప్పు కొంతమేర మాత్రమే గల ఒక కట్టడమును సొరంగముగా ఎంచవచ్చునా కూడదా యని త్యాడ నుండి చిమిడిపల్లి వరకు కలహించిరి. ఎదుటి బల్లపై జామకాయలు కోయుచున్న వృద్ధురాలు “అరిచేరు కదా, లెక్కలోకొచ్చినట్టే” అని తీర్పు చెప్పినది.

బొర్రా గుహలు సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నవి. ఆవు యొకటి కొండరంధ్రమున జారిపడగా, వెదకుచు దిగిన కాపరి లోపల శివలింగమును కనెననియు, ఆ గోవు పొదుగు నుండియే గోస్తని పుట్టెననియు స్థలపురాణము. గుహాముఖము తెరచిన మహాసౌధద్వారము వలె నుండును. మెట్లు దిగుచున్నకొలది వెలుగు పలుచబడి, గబ్బిలముల కంపు చిక్కబడును. దారిచూపు కుర్రవారు టార్చి వెలుగులో శివపార్వతులను, ఋషి గడ్డమును, తల్లీబిడ్డలను, మొసలిని వరుసగా చూపుదురు. ఈ పేర్ల జాబితా పెద్దలకు. పిల్లలు తమ పేర్లు తాము పెట్టుకొనగలరు. మా మనుమరాలు ఒక సున్నపురాతి కొన వద్ద నిలిచిపోయినది. ఆ కొనకు ఒక నీటిబొట్టు వ్రేలాడుచున్నది. పెరిగినట్లే యుండును, వణికినట్లే యుండును, రాలదు. అది రాలువరకు కదలనని ఆమె భీష్మించినది. వానచినుకు మట్టిలోని ఆమ్లవాయువును కలుపుకొని సున్నపురాతిని కరగించుచు దిగుననియు, కప్పున వ్రేలాడునప్పుడు ఆ వాయువు విడిపోగా కరగిన సున్నములో పిసరంత అచటనే మిగులుననియు, ఆ పిసరులు వేలయేండ్లు పేరుకొన్నదే తన ముందున్న స్తంభమనియు నేను చెప్పుచుండగనే ఆ బొట్టు రాలినది. “ఇప్పుడు ఎంత పెరిగింది?” అని ఆమె అడిగెను. పాఠశాలలో పాఠము చెప్పినవారెవరును ఇంతకంటె మంచి ప్రశ్నను రాబట్టలేరు.

ఆ గుహలో రంగురంగుల దీపములు పెట్టినవారిని మాత్రము నేను క్షమింపలేను. సూర్యుడెన్నడును చూడని రాతికి నిరంతరము దీపము పట్టినచో ఆ వెలుగు సోకిన మేర నాచు పట్టును. ఈ గోడలపై దీపముల చుట్టును పచ్చని మరకలు కనబడుచునే యున్నవి. చీకటిని చూడవచ్చినవారికి చీకటిని కూడ మిగుల్పరాదా?

బయటికి వచ్చునప్పుడు మనుమడు, “ఈ గుహ ఎవరిది?” అని దారిచూపు కుర్రవాని నడిగెను. “మాదే బాబూ” అని అతడు నవ్వెను. ఆ మాట పరిహాసము కాదు. ఈ బొర్రా అడవి పరిసరముల భూములను గనుల త్రవ్వకమునకై గిరిజనేతరులకు కౌలుకిచ్చిన వివాదమే ‘సమత’ కేసుగా సుప్రీంకోర్టు వరకు పోయెను. 1997 జూలైలో ఆ న్యాయస్థానము, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించు శాసనము ప్రభుత్వమునకును వర్తించుననియు, ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల కౌళ్లు చెల్లవనియు తీర్పు చెప్పెను. భారతదేశమంతట గిరిజన హక్కులను గూర్చి వాదించువారు నేటికిని ఉదాహరించు తీర్పు అది. ఫలహారపు దుకాణముల నడుమ నిలిచి సెల్ఫీలు దిగుచున్న యాత్రికులలో ఎందరికి, తాము నిలిచిన ఊరి పేర ఇంతటి ధర్మనిర్ణయము జరిగినదని తెలియును? ఆ రాతిపొరలు సంచులకెక్కి లారీలలో దిగిపోయియుండినచో మన పిల్లలకు చూపుటకు గుంతలు మాత్రము మిగిలెడివి.

గుహలకు కొంత దూరమున కటికి జలపాతము. జీపు ఎగిరి పడుచు కొంతవరకు పోవును, పిమ్మట కాలినడక. జీపు కుదుపే తమ టిక్కెట్టుకు తగిన సాహసమని పిల్లలు సంతోషింతురు. నీటి క్రింద నిలిచినవారికి పండ్లు టకటకలాడును. ఒడ్డున వెదురుబొంగులో కోడిమాంసము కూరి నిప్పులపై కాల్చు గిరిజనుల పొయ్యి ప్రక్కకు చేరినగాని వణుకు తీరదు. ఆ బొంగును చీల్చునప్పుడు వెలువడు ఆవిరి వాసనను మించిన హోటలు ప్రకటన లేదు. ఇచ్చట కోరునది ఒక్కటే: రాళ్లు నాచుతో జారును, వానకాలమున ప్రవాహము అరగంటలో రూపు మార్చును, కావున శ్రావణ భాద్రపదములలో పిల్లలను దింపరాదు.

అచటి నుండి తాటిపూడి వరకు నది లోయలలో దిగు భాగము నేను కాలినడకను చూడలేదు. తాటిపూడి జలాశయము 1963లో మొదలై 1968 నాటికి పూర్తియైనది. విజయనగరము జిల్లాలో 15 వేల ఎకరములకు మించిన ఆయకట్టునకు సాగునీరును, విశాఖ నగరమునకు త్రాగునీరును దానివలననే. కొండలు నీటిలో తలక్రిందుగా నిలిచియుండును. పడవ షికారు కలదు. లైఫ్‌జాకెట్ లేనిదే ఎక్కరాదు, పడవవాడు తొందరపెట్టినను ఎక్కరాదు.

జామికి దిగువన ఏటి యొడ్డుననే నా బాల్యము గడచినది. తాటిపూడి ఆనకట్ట పూర్తియగునప్పటికి నాకింకను మీసములు రాలేదు. ఆ దినములలో పిల్లలను విహారమునకు తీసికొనిపోవుట యను మాటయే మేమెరుగము. వెతికి ఇంటికి తీసికొనివచ్చుటయే పెద్దల పని. వేసవిలో ఏరు ఒక ప్రక్కకు ఒదిగి సన్నని పాయగా పారును, మిగిలినదంతయు ఇసుక. తడియిసుకను పాదముపై కప్పి, అరచేతితో తట్టి, కాలు మెల్లగా లాగి పిచ్చుకగూళ్లు కట్టెడివారము. తిన్న తాటిముంజల బుర్రలు రెండింటికి పుల్ల గ్రుచ్చి, పంగకర్ర తగిలించిన బండ్లను ఒడ్డున పందెములు తోలెడివారము. దాహమైనచో ఇంటికి పోనక్కరలేదు. మోచేతి లోతున ఇసుక తోడినచో చెలమలో నీరూరును, మొదటి నీరు బురదగా నుండును గనుక పారబోసి, రెండవమారు ఊరినదానిని దోసిట పట్టి త్రాగెడివారము. ఎండిన సొరకాయ బుర్రలు నడుమునకు కట్టి మా మేనమామ నాకు ఈత నేర్పెను. ఒకనాడు చెప్పకయే ఆయన ఆ బుర్రలను విప్పివేసిన సంగతి నేను ఆవలి యొడ్డున లేచి నడుము తడవుకొన్నపుడు తెలిసినది. తువాలు ఇరుకొనలును పట్టుకొని ఇరువురము నీట నడచినచో పరిగెలు చిక్కెడివి. వానిని చూచి మురిసి మరల నీటనే విడిచెడివారము, ఏలయన చేపలు ఇంటికి తెచ్చినచో అమ్మమ్మ మమ్ము గడప త్రొక్కనీయదు.

ఇక కార్తీకమాసము వచ్చినచో ఊరు ఊరంతయు ఉసిరిచెట్టు క్రిందికి తరలును. మన పూర్వులు కుటుంబవిహారమును సైతము వ్రతములలో చేర్చిరి. పనిమంతులు ఒకనాడైనను పని మానుటకు అంతకంటె మంచి ఉపాయము లేదు. అరటియాకులలో భోజనము, తినుటయైన పిమ్మట ఆకులు పశువులకు, ఏటిలో చేతులు కడిగికొనుట. ఆ సాయంకాలమునకు తోటలో మా జాడ యుండెడిది కాదు.

మనుమలకు ఆ యిసుకను చూపవలెనని నిరుడు దింపితిని. ఇసుక లేదు. ట్రాక్టర్ల చక్రముల దారులు, జిగట నేల, అడుగడుగున నిలువులోతు గుంటలు. ఆ గుంటలలో పచ్చని నిలువనీరు. మనుమరాలు చెలమ తీయబోగా మోచేతి లోతుననే బంకమన్ను తగిలినది, నీరు ఊరలేదు. నీటిని పట్టి యుంచునది ఇసుకయే యని, ఆ పొర పోయినచో ఒడ్డునున్న బావులు క్రుంగునని, ఏటిగట్టు రైతుకు ఎవరును చెప్పనక్కరలేదు. గోస్తనీ నీటిని ఎగువన జలాశయము నుండియు, దిగువన ఏటి గర్భమున బావులు దింపియు నగరమునకు గొనిపోవుచున్నారు. గొంతు తడుపుకొను నగరవాసిని నేను నిందింపను, కాని ఆ నగరమే భవనములు కట్టుటకు ఇసుకను, కార్తీకమున తిని పారవేయుటకు థర్మోకోలు పళ్లెములను అదే యేటిలో వెదకుట ఏమి న్యాయము? ఒడ్డున ఉసిరిచెట్టు క్రింద ఆ పళ్లెములు గాలికి దొర్లుచున్నవి. అన్నిటిని మించి నాకు కోపము తెప్పించినది ఆ గుంటలు. మేము ఈత నేర్చినచోట నేడు పిల్లవానిని ఒంటరిగా విడువరాదు. నేల ఎచ్చట నున్నదో, అగాధము ఎచ్చట మొదలగునో చూచినవానికి తెలియదు. పిల్లల కొలతకు సరిపడిన నదిని పెద్దలు తమ లాభపు కొలతకు త్రవ్విపెట్టిరి. పిమ్మట వారే, పిల్లలకు ఆడుకొన చోటు లేదని వాపోవుచు జారుబండల టిక్కెట్లు కొందురు.

ఆ దినమున పిల్లల ముఖములు తేటపడినది పద్మనాభమున. కొండ క్రింద కుంతీమాధవస్వామి, కొండపై అనంతపద్మనాభస్వామి. నడుమ పన్నెండువందలకు పైబడిన మెట్లు. మొదటి నూరు మెట్లు పిల్లలు పరుగెత్తుదురు, తరువాతి నూరు మెట్లకు పెద్దలు వారిని కలిసికొందురు. సగము దారిలో కూర్చుండి, 1794 జూలై 10న ఈ కొండ క్రింది నేలపై విజయనగర ప్రభువైన చిన విజయరామరాజు, కంపెనీకి కట్టవలసిన పేష్కషు తగవుపై తనను గద్దె విడిచి మచిలీపట్నమునకు పొమ్మన్న ఆజ్ఞను ధిక్కరించి, కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనను ఎదిరించి నేలకొరగిన కథ చెప్పితిని. ఆ యుద్ధము గంటసేపైనను సాగలేదు. “ఓడిపోతారని తెలిసే వచ్చారా తాతయ్యా?” అని మనుమడు అడిగెను, తెలిసియే యుండునని నా యభిప్రాయమని చెప్పితిని. పైనుండి చూచినచో పొలముల నడుమ ఏరు తెల్లని చారగా తూర్పునకు తిరుగుట కనబడును. వాడు దానిపై వ్రేలుపెట్టి, సముద్రము ఎంతదూరమని అడిగెను.

భీమిలికి మేము సముద్రపుటొడ్డు దారిన బస్సులో పలుమారులు పోయియున్నాము. డచ్చివారి సమాధులు, దీపస్తంభము, దారిలో ఎర్రమట్టి దిబ్బలు పిల్లలకు కొత్తవి కావు. అందుచేత ఇక పోనక్కరలేదని మా కోడలి వాదము. ఏటివెంబడి పోయి చూడనిది చూచినట్లే కాదని మనుమల వాదము. పద్మనాభము నుండి దిగువకు గట్టుదారి ఎంతమేర నడువనిచ్చునో విచారించుచున్నాను. వానలు వెనుకపట్టి గట్టు ఆరినచో కార్తీకములోనే బయలుదేరుదుము, అరటియాకులు మాత్రము ఇంటినుండియే తీసికొనిపోవుదుము.