చదువుకూ ఆటకూ ఒకటే ల్యాప్‌టాప్

వేసవి వస్తే కువైట్‌లోని ఎగైలాలో మన ఇళ్లల్లో ఇదే పంచాయితీ. ఇంజనీరింగ్‌కి ఇండియా వెళ్లే పిల్లాడికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి? మొన్న గేట్ మాల్‌లో కలిసిన కడప అన్న వాళ్లబ్బాయి, "అంకుల్, ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు చాలదా?" అన్నాడు.

చాలు నాయనా. కానీ దానికి ఎన్ని వాట్లు అందుతున్నాయో చూడు. అదే 4050 ఒక మోడల్లో 35 వాట్లతో, ఇంకోదాంట్లో 115 వాట్లతో నడుస్తుంది. పెట్టె మీద పేరు మాత్రం ఒకటే! ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. బరువూ చూసుకో. ఇటుకరాయంత చార్జర్‌తో సహా రోజూ క్లాసుకు మోసేది నువ్వే, మీ నాన్న కాదు.

ఇక ఇక్కడ కొనాలా, ఇండియాలోనా అంటే, కువైట్‌లో వ్యాట్ లేదు, నిజమే. ఇండియాకు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు, అయితే ప్రయాణికుడికి 18 నిండాలి. మన పిల్లల్లో చాలామందికి అప్పటికి పదిహేడే! కీబోర్డు మీద అరబిక్ అక్షరాలకు అలవాటు పడొచ్చు. వారంటీ సంగతి అట్లా కాదు. ఇండియాలో చెల్లుతుందో లేదో డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి.